‘మీరు ఏం చూసుకుంటారు?’ అని స్పానిష్‌లో అడగడం ఎలా

స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో ఒక సమావేశంలో నివేదిక ఒకటి చేతిలో పట్టుకుని, “క్యేన్ ఎస్ ఎల్ ఱెస్పొన్సాబ్లె దె ఎస్తె ఇన్‌ఫోర్మె?” అని అడిగాను. ఆ నివేదిక పని ఎవరు చూస్తున్నారో తెలిస్తే వారిని రెండు సందేహాలు అడగవచ్చునన్నది నా ఉద్దేశం. గదిలో మాటలు ఆగిపోయాయి. ఎదురుగా కూర్చున్న ఒకావిడ మొహం ఎర్రబడింది, అందులో తప్పేమైనా దొర్లిందా అని మెల్లగా అడిగింది. నా వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అయితే నేను అడిగినది “దీనికి బాధ్యులెవరు?” అని. తెలుగులో కూడా ఆ ప్రశ్న నిలదీసినట్లే వినిపిస్తుంది, “దీన్ని ఎవరు చూసుకుంటున్నారు?” అంటే వినిపించదు. ఈ తేడా తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. నేను తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌కు వెళ్లకుండా ఇంగ్లీషు మీదుగా వెళ్లాను కనుక, ఆ తేడా మధ్యలో ఎక్కడో జారిపోయింది.

అప్పటి నుంచి నాకు గట్టిగా అనిపిస్తున్న విషయం ఒకటుంది. ఎదుటివారి ఉద్యోగం గురించి, వారి చేతిలో ఉన్న పనుల గురించి స్పానిష్‌లో అడగడానికి తెలుగు మంచి ఊతం ఇస్తుంది. “ఏం చేస్తున్నారు” అన్నదానికీ “ఏం చేస్తుంటారు” అన్నదానికీ, “బాధ్యత” అన్నదానికీ “చూసుకోవడం” అన్నదానికీ, “నువ్వు” అన్నదానికీ “మీరు” అన్నదానికీ మన భాషలో ఉన్న తేడాలకు దాదాపు సరిజోడు మాటలు స్పానిష్‌లో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుందాం.

ముందుగా ఉచ్చారణ గురించి చెప్పాలి. ఇక్కడ స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. దీర్ఘం ఉన్న అక్షరాన్ని నొక్కి పలకాలి, మిగిలినవాటిని తేలికగా వదిలేయాలి. త, ద అని రాసినవి దాదాపు మన త, ద లే, ఇంగ్లీషు అలవాటు కొద్దీ వాటిని ట, డ లుగా మార్చకూడదు. ఱ అని రాసిన చోట నాలుకను బాగా అదిలించాలి, ర అని రాసిన చోట ఒక్కసారి తాకిస్తే చాలు. హ ను చాలాచోట్ల మనకంటే కాస్త గరుకుగా పలుకుతారు. ప్రశ్న పదంతో మొదలయ్యే వాక్యాలలో స్వరం సాధారణంగా చివరికి దిగుతుంది, అవునా కాదా అని అడిగేటప్పుడు పైకి లేస్తుంది.

ఏం చేస్తుంటారు?

పరిచయమైన వ్యక్తి వృత్తి తెలుసుకోవడానికి అన్ని దేశాలలోనూ చెల్లే ప్రశ్న “అ కే సె దెదీక ఉస్తేద్?” అన్నది. అంటే “మీరు ఏం చేస్తుంటారు?” అని. చనువు ఉన్నవారినైతే “అ కే తె దెదీకస్?” అని అడగాలి. ఇందులోని క్రియకు మూలార్థం ఒక పనికి తనను తాను అంకితం చేసుకోవడం. వాడుకలో ఆ బరువు ఏమీ మిగలలేదు, మామూలుగా వృత్తి అడిగే మాట అయిపోయింది. జవాబు కూడా అదే క్రియతో రావచ్చు. “మె దెదీకొ అ ల ఎన్సెన్యాన్స” అంటే “నేను బోధన వృత్తిలో ఉన్నాను” అని అర్థం.

“కే ఆసె ఉస్తేద్?” అని నేరుగా “చేయడం” అనే క్రియతో అడిగితే, ముందు వెనకలు లేనప్పుడు అది “ఏం చేస్తున్నారు మీరు?” అన్నట్లు, అంటే ఆ క్షణంలో చేస్తున్న పని గురించి అడిగినట్లు వినిపించే ప్రమాదం ఉంది. ఎవరైనా కుర్చీ జరుపుతున్నప్పుడు అలా అడిగితే ఆ కుర్చీ గురించే చెబుతారు. పని సంగతి మాట్లాడుకుంటున్న సందర్భంలోనైతే ఇబ్బంది లేదు.

“ఎన్ కే త్రబాహ?” అంటే “ఏ పనిలో ఉన్నారు?” అని, “దె కే త్రబాహ?” అంటే “ఏ పని చేస్తారు?” అని. రెండూ సహజమైనవే. స్పెయిన్‌లో మాత్రం “ఎస్తూద్యస్ ఒ త్రబాహస్?”, అంటే “చదువుకుంటున్నావా, పని చేస్తున్నావా?” అనే మాటకు వేరే చరిత్ర ఉంది. పరిచయం లేని అమ్మాయితోనో అబ్బాయితోనో సరసంగా మాట కలపడానికి వాడే అరిగిపోయిన మాటగా అది పేరు పడిపోయింది. పాఠ్యపుస్తకంలో అమాయకంగా కనిపించినా, పెద్దవారితో, ఆఫీసు పరిచయాలలో దానిని వాడకపోవడమే మంచిది.

జవాబు వినేటప్పుడు ఒక సంగతి గమనించండి. “సోయ్ ఇన్‌హెన్యేర” అంటే “నేను ఇంజినీరును” అని ఒక స్త్రీ చెప్పే మాట, అదే పురుషుడు చెబితే “సోయ్ ఇన్‌హెన్యేరొ” అవుతుంది. వృత్తి పేరుకు ముందు “ఒక” అని అర్థమిచ్చే మాట చేర్చరు. తెలుగులో “నేను ఒక ఇంజినీరును” అనకుండా “నేను ఇంజినీరును” అనడం ఎంత సహజమో అక్కడా అంతే. విశేషణం చేరినప్పుడు మాత్రం, ఉదాహరణకు మంచి వైద్యుడు అనాలంటే, “ఉన్ బ్వేన్ మేదికొ” అని ఆ చిన్న మాట వచ్చి చేరుతుంది.

ఏం చూసుకుంటారు?

వృత్తి పేరు తెలిసినంత మాత్రాన ఆ మనిషి రోజూ ఏం చేస్తారో తెలియదు. ఒకే పేరున్న ఉద్యోగంలో ఇద్దరు చేసే పనులకు పొంతన లేకపోవచ్చు. బాధ్యతల గురించి అడగవలసిన అవసరం అక్కడ వస్తుంది. అందుకు నేను అన్నిటికంటే ముందు నేర్చుకోమని చెప్పే వాక్యం ఇది: “దె కే సె ఎన్‌కార్గ ఉస్తేద్?” అంటే “మీరు ఏం చూసుకుంటారు?” అని. చనువుగానైతే “దె కే తె ఎన్‌కార్గస్?” అనాలి. కాస్త వివరంగా చెప్పమని కోరడానికి చివర “ఎక్సక్తమేంతె” అని చేర్చవచ్చు.

ఈ క్రియ పుట్టుక చూస్తే అర్థం మనసులో నిలిచిపోతుంది. “కార్గ” అంటే బరువు, మోత. ఒక బరువును తన మీద వేసుకోవడమే “ఎన్‌కర్గార్సె”. మనం కూడా “ఆ పని భారమంతా ఆయన మీదే ఉంది” అంటాం కదా. అయితే ఈ క్రియ వాడుకలో భారంగా వినిపించదు. “నేను చూసుకుంటాను” అన్నంత తేలికగా, ఆప్యాయంగా ఉంటుంది. ఏదైనా పని ఎవరు చేస్తారా అని అందరూ చూస్తున్నప్పుడు ఒకరు “మె ఎన్‌కార్గొ యో” అంటే “నేను చూసుకుంటాలెండి” అని భరోసా ఇచ్చినట్లే.

ఇందులో తరచుగా జరిగే పొరపాటు “సె”, “తె”, “మె” అన్న చిన్న మాటలను వదిలేయడం. తెలుగులో “చూడటం” వేరు, “చూసుకోవడం” వేరు. ఆ “కొను” అనే చేర్పు చేసే పనినే ఇక్కడ ఈ చిన్న మాటలు చేస్తాయి. “కే ఎన్‌కార్గ ఉస్తేద్?” అని వాటిని వదిలేసి అడిగితే, అది మీరు ఏ వస్తువు తెప్పించమని పురమాయిస్తారు అన్నట్లు మారిపోతుంది, ఎందుకంటే ఆ చేర్పు లేని క్రియకు పురమాయించడం, అప్పగించడం అని అర్థాలు. “దెదీక” విషయంలోనూ ఇంతే. “సె దెదీక” అంటే వృత్తిగా చేస్తారు అని, ఉత్త “దెదీక” అంటే సమయమో శ్రమో కేటాయిస్తారు అని అర్థం.

రెండో పొరపాటు “దె”, “అ”, “ఎన్” అనే చిన్న మాటల స్థానం. ఇంగ్లీషు అలవాటున్నవారు వీటిని వాక్యం చివరికి నెట్టేస్తారు. తెలుగులో మనం “దేనికి”, “దేనిలో”, “దేనితో” అని విభక్తిని ప్రశ్న పదానికే అంటించి చెబుతాం. స్పానిష్ కూడా వాటిని ప్రశ్న పదం పక్కనే ఉంచుతుంది, కాకపోతే మనకు వెనక వచ్చేది అక్కడ ముందు వస్తుంది. “అ కే” అంటే దేనికి, “ఎన్ కే” అంటే దేనిలో, “కోన్ క్యేన్” అంటే ఎవరితో. ఈ జంటలను విడదీయకుండా ఒకే మాటగా పలకడం అలవాటు చేసుకుంటే వాక్యం సగం కుదిరినట్లే.

జవాబు రెండు రూపాలలో వస్తుంది. “మె ఎన్‌కార్గొ దె లస్ కోంప్రస్” అంటే “కొనుగోళ్లు నేను చూసుకుంటాను” అని, ఇందులో పని పేరు నామవాచకం. “మె ఎన్‌కార్గొ దె ఱెబిసార్ లోస్ కొంత్రాతొస్” అంటే “ఒప్పందాలు సరిచూసే పని నాది” అని, ఇందులో “దె” తరువాత క్రియ మూలరూపంలో ఉంది. “దె” పక్కన “ఎల్” వస్తే రెండూ కలిసి “దెల్” అవుతాయి, అందుకే గిడ్డంగి చూసుకునే మనిషి “మె ఎన్‌కార్గొ దెల్ అల్మసేన్” అంటారు.

ఇదే అర్థంలో మరొక ప్రశ్న “ఎన్ కే కొన్సీస్తె సు త్రబాహొ?” అన్నది. “మీ పనిలో ఏమేం ఉంటాయి?” అని దీని భావం. పేరు విన్నా అర్థం కాని ఉద్యోగం ఎదురైనప్పుడు దీనికి మించిన ప్రశ్న లేదు. అడిగేవారికి తెలియదని ఒప్పుకున్నట్లు ఉంటుంది, చెప్పేవారికి తీరికగా వివరించే అవకాశం ఇచ్చినట్లూ ఉంటుంది. వారు “మి త్రబాహొ కొన్సీస్తె ఎన్...” అని మొదలుపెట్టి చెప్పుకుపోతారు.

మరి “బాధ్యతలు” అనే మాట అసలే పనికిరాదా అంటే, పనికివస్తుంది. “క్వాలెస్ సోన్ సుస్ ఱెస్పొన్సబిలిదాదెస్?” అన్నది శుద్ధమైన స్పానిష్ వాక్యమే. ఇంటర్వ్యూలలో, రాతపూర్వకమైన ప్రశ్నావళిలో, ఉద్యోగ ఒప్పందం గురించిన చర్చలో అది చక్కగా అతుకుతుంది. భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవారిని అలా అడిగితే మాత్రం విచారణ జరుపుతున్నట్లు ఉంటుంది. అంతకంటే లాంఛనమైనది “కే ఫున్స్యోనెస్ దెసెంపేన్య ఉస్తేద్?” అన్న ప్రశ్న, దానికి “మీరు ఏయే విధులు నిర్వహిస్తారు?” అన్నదే సరైన తెలుగు. “ఫున్స్యోనెస్” అనే మాటను తప్పకుండా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే స్పానిష్ ఉద్యోగ ప్రకటనలలో చేయవలసిన పనుల జాబితాకు సాధారణంగా ఆ మాటే శీర్షికగా ఉంటుంది, దాని కింద అర్హతల జాబితాకు “ఱెకిసీతొస్” అని ఉంటుంది. “తరేఅస్” అంటే చేయవలసిన చిన్న చిన్న పనులు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఆ మాటకు బడి పిల్లల ఇంటిపని అనే అర్థం కూడా ఉంది.

హోదా అడగడానికి “క్వాల్ ఎస్ సు ప్వేస్తొ?” అంటారు. “కార్గొ” అన్నా హోదాయే, అయితే అది పెద్ద పదవులకు ఎక్కువగా వినిపిస్తుంది. ఇదే “కార్గొ” మరొక చోట చాలా ఉపయోగపడుతుంది. “క్వాంతస్ పెర్సోనస్ త్యేనె అ సు కార్గొ?” అంటే “మీ కింద ఎంతమంది పనిచేస్తున్నారు?” అని అడిగినట్లు. “తేంగొ త్రేస్ పెర్సోనస్ అ మి కార్గొ” అంటే ముగ్గురున్నారని జవాబు.

పని ఎవరిదో తెలియనప్పుడు

నేను సమావేశంలో చేసిన పొరపాటు ఈ సందర్భంలోనిదే. ఆ నివేదిక గురించి నేను అడగవలసినది “క్యేన్ సె ఎన్‌కార్గ దె ఎస్తె ఇన్‌ఫోర్మె?” అని. “ఱెస్పొన్సాబ్లె” అనే మాటకు మూడు ముఖాలున్నాయి. “ఎస్ మూయ్ ఱెస్పొన్సాబ్లె” అంటే బాధ్యత తెలిసిన మనిషి అని మెచ్చుకోలు. “లా ఱెస్పొన్సాబ్లె దె కోంప్రస్” అంటే కొనుగోళ్ల విభాగం చూసే అధికారిణి అని హోదా. తప్పు జరిగిన చోట “ఎల్ ఱెస్పొన్సాబ్లె” అంటే అందుకు కారకుడు అని నింద. విభాగం పేరు పక్కన ఉన్నంతవరకు అది హోదాగానే వినిపిస్తుంది. ఒక కాగితాన్నో ఒక సంఘటననో చూపించి అడిగితే నింద వైపు ఒరుగుతుంది.

ఫోనులోనో ఉత్తరంలోనో అడగాలంటే “పొద్రీఅ దెసీర్మె క్యేన్ సె ఎన్‌కార్గ దె లోస్ పాగొస్?” అనండి. “చెల్లింపులు ఎవరు చూసుకుంటారో దయచేసి చెప్పగలరా?” అన్నంత మర్యాద అందులో ఉంది. రాసేటప్పుడు ప్రశ్న మొదట తలకిందుల ప్రశ్నార్థకం తప్పనిసరి. స్పానిష్ రాజ అకాడమీ 1754లో తన వర్ణక్రమ గ్రంథంలో ఆ గుర్తును ప్రవేశపెట్టింది. “కే”, “క్యేన్” వంటి ప్రశ్న పదాల మీద ఉండే చిన్న గీతను కూడా వదలకూడదు. ఆ గీత తీసేస్తే “ఏమి” అనే ప్రశ్న పదం కాస్తా “అని” అన్నట్లు వాక్యాలను కలిపే మాట అయిపోతుంది.

ఇలా అడిగినప్పుడు తరచుగా వచ్చే జవాబు “దె ఏసొ సె ఎన్‌కార్గ మి కొంపన్యేర”, అంటే “అది మా సహోద్యోగిని చూసుకుంటారు” అని. పని పేరు ముందు వచ్చి, చేసే మనిషి చివరికి వెళ్లిన ఈ వరస తెలుగువారికి చెవికి ఇట్టే పట్టుకుంటుంది. స్పెయిన్‌లో “ఏసొ లొ యేబ మి కొంపన్యేర” అని కూడా ఎక్కువగా అంటారు. “యెబార్” అంటే మోసుకెళ్లడం, తీసుకెళ్లడం. “యేబొ ల కొంతబిలిదాద్” అంటే “లెక్కలు నేను చూస్తాను” అని అర్థం. అదే క్రియ కాలాన్ని చెప్పడానికీ వస్తుంది. “క్వాంతొ త్యేంపొ యేబ త్రబహాందొ అకీ?” అంటే “ఇక్కడ ఎంతకాలంగా పనిచేస్తున్నారు?” అని.

దుకాణాలలో, హోటళ్లలో “ఎల్ ఎన్‌కర్గాదొ” లేదా “లా ఎన్‌కర్గాద” అని వినిపిస్తే ఆ సమయానికి అక్కడి పనంతా చూసే మనిషి అని తెలుసుకోవాలి.

మీరు, నువ్వు, ఇంకా ఒకటి

పైన “ఉస్తేద్” అని రాసినదంతా మన “మీరు”. ఈ మాట “బ్వేస్త్ర మెర్సేద్”, అంటే “తమ దయ” అనే గౌరవవాచకం అరిగి అరిగి ఏర్పడింది. అందుకే దానితో క్రియ ప్రథమపురుషలో, అంటే ఎక్కడో ఉన్న మూడో మనిషి గురించి చెప్పినట్లు ఉంటుంది. పాత రోజులలో ఎదురుగా ఉన్నవారితోనే “ఏలినవారు ఏమంటారో” అని మాట్లాడిన పద్ధతి ఇదే. దీనివల్ల ఒక చిక్కు ఉంది. “సు త్రబాహొ” అంటే “మీ పని” కావచ్చు, “ఆయన పని” కావచ్చు, “వాళ్ల పని” కావచ్చు. సందేహానికి తావుంటే వాక్యం చివర “ఉస్తేద్” అని స్పష్టంగా పలికేయడం మేలు.

పరిచయం లేని పెద్దవారితో, అధికారులతో, ఇంటర్వ్యూ చేసేవారితో “ఉస్తేద్” తోనే మొదలుపెట్టండి. స్పెయిన్‌లో చాలా ఆఫీసులలో మొదటి రోజే “తూ”, అంటే “నువ్వు”, అనుకుంటారు, “తుతేఅమె, పోర్ ఫబోర్” అని, అంటే నన్ను నువ్వు అనండి అని వారే అడుగుతారు. ఆ మాట వచ్చాక కూడా “ఉస్తేద్” అంటూ ఉంటే దూరం పెట్టినట్లు అనుకునే అవకాశం ఉంది. కొలంబియాలో, ముఖ్యంగా బొగొతా పరిసరాలలో, దగ్గరి స్నేహితులు, ఇంట్లోవాళ్లు కూడా ఒకరినొకరు “ఉస్తేద్” అనుకోవడం వినిపిస్తుంది, అక్కడ ఆ మాటలో దూరం ఉండదు. అర్జెంటీనాలోనూ, మధ్య అమెరికాలో చాలాచోట్లనూ “తూ” స్థానంలో “బోస్” వస్తుంది. దానితో అర్జెంటీనాలో నొక్కు చివరికి జరుగుతుంది: “దెదీకస్” అన్నది “దెదికాస్” అవుతుంది, “ఎన్‌కార్గస్” అన్నది “ఎన్‌కర్గాస్” అవుతుంది. బ్వేనొస్ ఐరెస్ వారు “యేబొ” అనకుండా “షేబొ” అంటారు. వినగానే గుర్తుపట్టగలిగితే చాలు, అలాగే మాట్లాడాలన్న నియమం లేదు.

పనికి వాడుకలో ఒక్కో దేశంలో ఒక్కో పేరుంది. స్పెయిన్‌లో “కూఱొ”, అర్జెంటీనాలో “లబూరొ”, మెక్సికోలోనూ పెరూలోనూ “చాంబ”, చిలీలో “పేగ”, కొలంబియాలో “కమేయొ”. చివరిదానికి అసలు అర్థం ఒంటె. ఇవన్నీ స్నేహితుల మధ్య మాటలు, మీ ప్రశ్నలో మాత్రం “త్రబాహొ” నే వాడండి.

పరిచయం లేని వ్యక్తిని పని గురించి అడగడం కొన్ని సందర్భాలలో చొరబాటులా తోస్తుంది. అప్పుడు “సి నో ఎస్ ఇందిస్క్రెస్యోన్” అనో, “పెర్దోనె, ప్వేదొ ప్రెగుంతార్లె అ కే సె దెదీక?” అనో మొదలుపెడితే, ఏమీ అనుకోకపోతే అడుగుతాను అన్నట్లు ఉంటుంది. స్పెయిన్‌లో ఎవరైనా “ఎస్తోయ్ ఎన్ పారొ” అంటే ఉద్యోగం లేకుండా ఉన్నారని అర్థం, ఇతర దేశాలలో “ఎస్తోయ్ సిన్ త్రబాహొ” అంటారు. ఆ జవాబు వచ్చాక కారణాలు తవ్వకూడదు. విశ్రాంత ఉద్యోగులు “ఎస్తోయ్ హుబిలాదొ” అంటారు, స్త్రీలైతే “హుబిలాద” అంటారు. వారిని “అ కే సె దెదికాబ?” అని అడగండి. “ఏం చేస్తుండేవారు?” అన్న మన రూపానికి ఇది అచ్చమైన సరిజోడు. నా అనుభవంలో ఈ ప్రశ్నకు వచ్చినంత నిండైన జవాబులు మరే ప్రశ్నకూ రాలేదు. ముప్పై ఏళ్లు రైళ్ల సమయాలు చూసిన ఒక పెద్దాయన, తెల్లవారుజామున మొదటి బండి పంపడం దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పారు. అందులో సగమే నాకు అర్థమైంది, అయినా నాకు ఆ గంటలో భూతకాల రూపాలు పట్టుబడ్డాయి.

ఇంటర్వ్యూలో మీరే అభ్యర్థి అయినప్పుడు ఇంకా చేరని ఉద్యోగం గురించి అడుగుతారు కనుక క్రియ మారుతుంది. “క్వాలెస్ సెరీఅన్ మిస్ ఫున్స్యోనెస్?” అంటే “నా విధులు ఏమై ఉంటాయి?” అని. “దె కే మె ఎన్‌కర్గరీఅ యో ఎక్సక్తమేంతె?” అంటే “చేరితే నేను కచ్చితంగా ఏయే పనులు చూసుకోవలసి ఉంటుంది?” అని. ఇక్కడ వర్తమాన రూపం వాడితే ఉద్యోగం అప్పుడే వచ్చేసిందని అనుకుంటున్నట్లు ఉంటుంది.

జవాబును పట్టుకోవడం

అడగడం ఒక ఎత్తు, వినడం మరొక ఎత్తు. ఆసుపత్రిలో పనిచేసే ఒకావిడతో సంభాషణ ఇలా సాగుతుందనుకోండి. “అ కే సె దెదీక ఉస్తేద్?” అని మీరు అడిగారు. “త్రబాహొ ఎన్ ఉన్ ఒస్పితాల్” అని ఆవిడ అన్నారు. పనిచేసే చోటు తెలిసింది, పని తెలియలేదు. అప్పుడు “ఇ దె కే సె ఎన్‌కార్గ?” అని అడగాలి. “మె ఎన్‌కార్గొ దె లస్ సీతస్ ఇ దె అతెందేర్ అ లస్ ఫమీల్యస్” అన్నారు. ఎవరు ఎప్పుడు రావాలో సమయాలు ఇవ్వడం, రోగుల కుటుంబాలతో మాట్లాడి వారికి కావలసినది చూడటం ఆవిడ పని. ఇక్కడ ఇంగ్లీషు ‘అటెండ్’ను బట్టి “అతెందేర్” అంటే హాజరు కావడం అనుకుంటే అర్థం తలకిందులవుతుంది. వచ్చినవారిని పలకరించి, వారి పని చూసి పంపడం “అతెందేర్”. హాజరు కావడానికి “అసిస్తీర్” అనే వేరే మాట ఉంది. ఇలాంటిదే “అక్త్వల్మేంతె” అన్న మాట, దానికి ఇంగ్లీషు ‘యాక్చువల్లీ’లా “నిజానికి” అని కాదు, “ప్రస్తుతం” అని అర్థం. “ఱెదక్తార్” అంటే ఇంగ్లీషు ‘రిడాక్ట్’లా కొట్టివేయడం కాదు, కాగితం రాయడం, ముసాయిదా తయారుచేయడం. “హెస్త్యొనార్” అంటే వ్యవహారం నడపడం.

జవాబు ముగిసిందనిపించిన చోట “పోర్ ఎహేంప్లొ?” అని అడగండి. ఈ ఒక్క మాట మీ ప్రశ్నల భారాన్ని సగం తగ్గిస్తుంది. “సమన్వయం చూస్తాను” వంటి పొడి మాట అన్న మనిషి, ఉదాహరణ అడగగానే ఉదయం జరిగిన సంగతి చెప్పడం మొదలుపెడతారు. “కోమొ ఎస్ ఉన్ దీయ నొర్మాల్ ఎన్ సు త్రబాహొ?” అని, మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పమని అడిగినా అదే ఫలితం వస్తుంది. మధ్యలో “ఇ దెస్ప్వేస్?” అంటే “ఆ తరువాత?” అని కథ వినేవారిలా అందిస్తూ ఉండవచ్చు.

విన్నది సరిగ్గా అర్థమైందో లేదో తేల్చుకోవడానికి తిరిగి చెప్పి చూడండి. “ఎంతోన్సెస్, ఉస్తేద్ సె ఎన్‌కార్గ దె లోస్ పాగొస్, నో?” అంటే “అయితే చెల్లింపులు మీరే చూసుకుంటారన్నమాట, కదా?” అని. పొరపడి ఉంటే వారు దిద్దుతారు: “నో, దె లోస్ పాగొస్ నో మె ఎన్‌కార్గొ యో.” చివర వచ్చిన ఆ “యో” ను జాగ్రత్తగా వినాలి. స్పానిష్‌లో కూడా తెలుగులోలాగే “నేను” అని చెప్పనక్కరలేదు, క్రియ చివర చూస్తే తెలిసిపోతుంది. అయినా చెప్పారంటే నొక్కి చెబుతున్నారని, “నేను కాదు, మరొకరు” అంటున్నారని అర్థం. అప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న “కోన్ క్యేన్ తేంగొ కె అబ్లార్?” అని, ఎవరితో మాట్లాడాలో చెప్పమని.

ఇన్ని ప్రశ్నలు అడిగాక ఎదుటివారు మీ వైపు తిరిగి “ఇ ఉస్తేద్?” అనడం ఖాయం. అప్పుడు తడుముకోకుండా ఉండాలంటే సొంత జవాబును ముందే రాసి పెట్టుకోవాలి. “మె దెదీకొ అ...” అని వృత్తి ఒక వాక్యంలో, “మె ఎన్‌కార్గొ దె...” అని రోజూ చేసే రెండు పనులు మరొక వాక్యంలో, “యేబొ...” అని ఎన్నేళ్లుగా చేస్తున్నారో ఇంకొక వాక్యంలో రాసుకుని, చూడకుండా చెప్పగలిగేదాకా పైకి చదవండి.